బాతిమా గీసిన నిలువు గీత

నేను 1979 సెప్టెంబరులో ఆ గదిలోకి మొదటిసారి అడుగుపెట్టినప్పుడు, కిటికీ పక్కన టైపు మిషను ముందు కూర్చున్న పెద్దావిడ తలెత్తకుండానే, "తలుపు వెయ్యి తల్లీ, కాగితాలు లేచిపోతున్నాయి" అంది. ఆమే బాతిమా అపాయ్. మా వైపు పెద్దక్కలాంటి మనిషిని అపాయ్ అంటాం.

మా బృందం అల్మా-అతా నగరంలో విశ్వవిద్యాలయం మూడో అంతస్తులో రెండు గదుల్లో ఉండేది. మా పని స్పిన్ సిద్ధాంతం. ప్రతి ఎలక్ట్రానూ ఒక చిన్న అయస్కాంతపు ముల్లులాంటిది. స్ఫటికంలో అలాంటి ముళ్లు కోట్లకు కోట్లు ఉంటాయి, పక్కదాన్ని చూసి ప్రతిదీ తిరుగుతుంది. ఎప్పుడు అవన్నీ ఒక వరసలో నిలబడతాయి, ఎప్పుడు చెదిరిపోతాయి అన్నది మేం కాగితం మీద లెక్కగట్టేవాళ్లం. పరికరాలు ఏవీ ఉండేవి కావు. ఒక నల్లబల్ల, ఆరు బల్లలు, టీ కాచుకునే సమోవారు, ఈ టైపు మిషను, అంతే.

బృందాన్ని పెట్టింది ఇదిరిస్ అగాయ్. కుర్రాళ్ల నుంచి డీన్ దాకా అందరూ ఆయన్ని అగాయ్, అంటే గురువుగారు, అనే పిలిచేవారు. కజాన్‌లో చదువుకొని వచ్చి, ఇరవై ఏళ్లలో మా పేరు మాస్కో దాకా తెలిసేలా చేశారు. భార్య పోయింది. ఒక్కతే కూతురు, కరగందాలో డాక్టరు.

బాతిమా అపాయ్‌కి తల్లిదండ్రులు గుర్తులేరు. ఆమె పుట్టిన రెండేళ్లకే స్టెప్పీ గడ్డిమైదానాల్లో వచ్చిన కరువు ఇద్దర్నీ తీసుకుపోయింది. జంబూల్‌లో అనాథాశ్రమంలో పెరిగింది. పదహారో ఏట టైపు నేర్చుకుంది. కబ్దెన్ అనే లారీ డ్రైవరుని పెళ్లి చేసుకుంది. నాలుగేళ్లకి కోర్దాయ్ కనుమలో మంచు మీద లారీ జారి అతను పోయాడు. పిల్లల్లేరు. ఆ శీతాకాలంలోనే ఆమెను అగాయ్ తన గదికి మార్పించుకున్నారు.

ఆ రోజుల్లో మా మిషన్ల మీద మాటలే పడేవి, సూత్రాలు పడేవి కావు. సూత్రం రావలసిన చోట ఖాళీ వదిలి, తర్వాత చేత్తో రాయాలి. కార్బన్ కాగితాలతో నాలుగు ప్రతులు తీసి, నాలుగింటిలోనూ నల్ల సిరాతో ఆమె సూత్రాలు ఎక్కించేది. గ్రీకు అక్షరాలు అగాయే నేర్పించారట. సిగ్మా రాస్తే అచ్చులో పడ్డట్టుండేది.

"వీటి అర్థం నీకు తెలుస్తుందా అపాయ్?" అని ఒకసారి అడిగాను.

"అర్థం మీకు కావాలి. నాకు మొహాలు తెలుసు" అంది. "ఇరవై ఏళ్లు ఒకే వీధిలో ఉంటే ఎవరి పక్కన ఎవరు నడుస్తారో తెలియదూ? ఒకరోజు వేరేవాడితో కనిపిస్తే ఆగి చూస్తాం. ఇదీ అంతే."

నిజంగానే ఆమె ఆగి చూసేది. ఎక్కడైనా గుర్తు తేడాగా అనిపిస్తే అంచున పెన్సిలుతో చిన్న చుక్క పెట్టి అగాయ్ బల్ల మీద ఉంచేది. పదిసార్లలో తొమ్మిదిసార్లు ఆమె మాటే నిజమయ్యేది. మా బృందంలో నవ్వించే మనిషి ఖ్వాన్ అనే కొరియావాడు. "మన బృందంలో ముగ్గురు సిద్ధాంతకర్తలున్నారు. అగాయ్ ఒకరు, నేను సగం, మిగతాదంతా బాతిమా అపాయ్" అనేవాడు. ఆమె కుర్త్, అదే ఎండబెట్టిన పెరుగు ఉండ, ముక్క ఒకటి అతని మీదికి విసిరి, "సగం నువ్వెక్కడున్నావురా, పావు అను" అనేది.

నేను చేరిన శీతాకాలంలోనే అగాయ్ నడక మారింది. కాళ్లు నేలకి అంటుకున్నట్టు ఈడ్చుకుంటూ నడిచేవారు. మెట్ల దగ్గర ఆగి, మొదటి మెట్టు మీద కాలు పెట్టడానికి చాలాసేపు తీసుకునేవారు. మంచు కదా, వయసు కదా అనుకున్నాం. ఒకసారి పాఠం మధ్యలో నల్లబల్ల వైపు తిరిగి అలాగే నిలబడిపోయారు. నిమిషం గడిచింది, రెండు గడిచాయి. చివరికి సుద్దముక్క కింద పెట్టి, "మిగతాది మీరే చెయ్యండి" అని వెళ్లిపోయారు. పిల్లలు దాన్ని గొప్ప పాఠం అని చెప్పుకున్నారు.

బాతిమా అపాయ్‌కి మాత్రం అప్పటికే తెలుసు. కాగితాల్లో కనిపించింది. మొదట ఒక గుర్తు తప్పింది, తర్వాత రెండు. ఆ తర్వాత ఒక పేజీలో బాణం గుర్తులన్నీ తలకిందులుగా ఉన్నాయి. ఆమె మామూలుగానే చుక్కలు పెట్టింది. ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం అగాయ్ ఆ కాగితం పట్టుకొని ఆమె బల్ల దగ్గరికి వచ్చారు. అప్పుడు గదిలో వాళ్లిద్దరే ఉన్నారు. ఈ సంగతి చాలా ఏళ్ల తర్వాత ఆమే నాకు చెప్పింది.

"ఈ చుక్క ఎందుకు?" అని అడిగారు.

"అక్కడ మైనస్ రావాలేమో అగాయ్, చూడండి."

ఆయన చూశారు. చాలాసేపు చూశారు. ఆయనకి అది అందడం లేదని ఆమెకి అర్థమైంది.

"బాతిమా, నేను తప్పులు రాస్తున్నానా?"

"లేదు అగాయ్. నా కళ్లే మసకబారుతున్నాయి. అద్దాలు మార్చుకోవాలి."

ఆయన మొహం తేరుకుంది. "మార్చుకో, మార్చుకో" అని నవ్వుతూ వెళ్లిపోయారు. ఆ తర్వాత ఆమె చుక్కలు పెట్టలేదు. తప్పు కనిపిస్తే తానే సరిచేసి నాలుగు ప్రతుల్లోనూ ఎక్కించేసేది. ఆయన చేతిరాత కాగితాలను మాత్రం మూట కట్టి బీరువా అడుగున దాచేది.

ఆమెకి ఉన్న భయం ఉత్తుత్తి భయం కాదు. సహాయ డీన్ ద్యుసెన్‌బిన్ మా గదుల మీద కన్నేసి రెండేళ్లయింది. పరికరాల విభాగానికి చోటు చాలడం లేదట. వారానికోసారి ఏదో వంకన లోపలికి వచ్చి గోడలు కొలుస్తున్నట్టు చూసేవాడు.

"ఏం బాతిమా, మీ పెద్దాయన ఆరోగ్యం ఎలా ఉంది?"

"మీకన్నా బాగుంది."

"మెట్లెక్కలేకపోతున్నాడని విన్నాను."

"లిఫ్టు బాగుచేయించమని మీకు మూడుసార్లు ఉత్తరం రాశాం. నాలుగోది కావాలా?"

అతను నవ్వేవాడు. ఆ నవ్వు తలుపు వేసుకున్నాక కూడా గదిలోనే ఉన్నట్టుండేది. అగాయ్ లేకపోతే బృందం ఉండదని అందరికీ తెలుసు. ఆమెకి వేరే ఇల్లంటూ లేదు, పొద్దున ఎనిమిదింటికి వచ్చి కూర్చునే ఈ గదే ఇల్లు.

1980 ఏప్రిల్‌లో అగాయ్ పెద్ద వ్యాసం ఒకటి ఇచ్చారు. మూడు నెలల లెక్క, డెబ్భై పేజీలు. ఒక కొత్త స్ఫటికంలో స్పిన్‌లు ఎలా నడుచుకుంటాయన్నది విషయం. అందులో నలభై ఒకటో పేజీలో, ఒక సూత్రంలోని పదం ముందు ఆయన మైనస్ పెట్టారు. ఆ చోట ఇరవై ఏళ్లుగా ఆయన వ్యాసాలన్నిటిలోనూ ప్లస్ ఉంటూ వచ్చింది. బాతిమా అపాయ్ ముందు ఉన్నదున్నట్టు మైనస్ ఎక్కించింది. మర్నాడు మళ్లీ చూసింది. ఆ వారంలోనే ఆయన తన సొంత సంతకం తప్పు రాశారు. ఆమె కలం తీసి నాలుగు ప్రతుల్లోనూ ఆ అడ్డగీతకి ఒక నిలువు గీత కలిపింది.

ప్లస్ అయితే, చల్లబరిచినప్పుడు ఆ స్ఫటికంలో స్పిన్‌లు ఒక వరసలో నిలబడతాయి. మైనస్ అయితే ఆ వరస నిలవదు, చిన్న కదలికకే చెదిరిపోతుంది. వ్యాసం చివర అగాయ్ రాసిన ముగింపు మూడు వాక్యాలే, అవి ఎటైనా అర్థమయ్యేలా ఉన్నాయి. వ్యాసం అచ్చయింది. దాని మీద నా థీసిస్ మొదలైంది.

రెండున్నర ఏళ్లు నేను ఆ వరస గురించే రాశాను. ఎంత చలిలో అది ఏర్పడుతుంది, దానిలో అలలు ఎలా పోతాయి, అయస్కాంతం దగ్గర పెడితే ఎంత వంగుతుంది. నాలుగు అధ్యాయాలు. మళ్లీ మొదటినుంచి లెక్కచేయాలన్న ఆలోచన నాకు రాలేదు. అగాయ్ చేసిన లెక్క కదా.

ఈలోగా ఆయన మరీ క్షీణించారు. సెమినారులో ముందు వరసలో కూర్చొని కళ్లు మూసుకునేవారు. ఆలోచిస్తున్నారనుకునేవాళ్లం. ఒకరోజు చలికోటు మీద మరో చలికోటు వేసుకొచ్చారు. బాతిమా అపాయ్ పై కోటు విప్పి తగిలించింది. బూట్ల తాళ్లు కట్టింది. ఎవరైనా పని మీద వస్తే, "అగాయ్ లెక్కలో ఉన్నారు, నాకు చెప్పండి" అని గుమ్మంలోనే ఆపేది. మేమంతా ఆమెకి సాయం చేశాం. ఏం దాస్తున్నామో మాలో మేం కూడా అనుకోలేదు.

1982 అక్టోబరు చివర కజాన్ నుంచి ఉత్తరం వచ్చింది. అక్కడి ప్రయోగశాలవాళ్లు ఆ స్ఫటికాన్ని పెంచారు. చల్లబరిచారు, ఇంకా చల్లబరిచారు, ఎంత దూరం పోగలరో అంత దూరం పోయారు. వరస రాలేదు. "ఎక్కడైనా పొరపాటు జరిగిందేమో, మీరొకసారి చూడగలరా?" అని మర్యాదగా రాశారు. నా థీసిస్ పరీక్షకి ఐదు వారాలే ఉన్నాయి.

మూడు వారాలు కూర్చొని ఆ డెబ్భై పేజీలూ మొదటినుంచి చేశాను. నలభై ఒకటో పేజీలో నాకు మైనస్ వచ్చింది. మళ్లీ చేశాను. మైనసే. ఖ్వాన్ దగ్గరికి తీసుకెళ్లాను. అతను రెండు రోజులు లెక్క చేశాడు. మూడో రోజు కాగితాలు నా ముందు పెట్టి, "ఉమిత్, కూర్చో" అన్నాడు. అతను అంత మెల్లగా మాట్లాడటం అదే మొదటిసారి.

ఇద్దరం కలిసి అగాయ్ ఇంటికి వెళ్లాం. ఆయన అచ్చయిన పేజీ చూసి వెంటనే తల అడ్డంగా ఊపారు.

"ఇది నేను రాయలేదు. నేను మైనస్ పెట్టాను."

"అగాయ్, అచ్చులో ప్లస్ ఉంది" అన్నాడు ఖ్వాన్.

"మైనస్ పెట్టాను. ఆ వరస నిలవదు. అదే కదా విషయం! నిలవదు!" గొంతు పెరిగింది. మొహం ఎర్రబడింది. అలా కాసేపు చూసి నా వైపు తిరిగారు. "నువ్వు ఎవరమ్మాయివి? మీవాళ్లది ఏ ఊరు?"

మూడేళ్లుగా ఆయన దగ్గరే చదువుతున్నదాన్ని. బయటికి వచ్చాక ఖ్వాన్, "మైనస్ పెట్టానని ఇప్పుడు అనుకుంటున్నారు, పాపం" అన్నాడు. నేనూ అలాగే అనుకున్నాను.

గురువారం మూడింటికి సెమినారు పెట్టారు. సంగతి ఎలా పొక్కిందో, ద్యుసెన్‌బిన్ మరో ఇద్దర్ని వెంటబెట్టుకొని వచ్చాడు. బయట తడిమంచు పడుతోంది. కిటికీల్లోంచి కొండలు కనబడటం లేదు. అగాయ్ ముందు వరసలో కూర్చున్నారు. సెమినారు మినిట్స్ రాయడం బాతిమా అపాయ్ పని, ఆమె మూల బల్ల దగ్గర కలంతో ఉంది. నేను నల్లబల్ల మీద లెక్కంతా రాసి, చివర మైనస్ దగ్గర ఆగాను.

"అంటే అచ్చయిన వ్యాసం తప్పు" అన్నాడు ద్యుసెన్‌బిన్.

"అవును."

"మన విశ్వవిద్యాలయం పేరుతో అచ్చయింది. కజాన్‌లో అందరూ నవ్వుతున్నారు. ఈ అమ్మాయి మూడేళ్ల కష్టం బూడిదలో పోసిన పన్నీరైంది." లేచి నిలబడ్డాడు. "అందరం గౌరవిస్తాం ఆయన్ని. కానీ చూడండి, ఇక్కడ ఏం జరుగుతోందో ఆయనకి తెలుస్తోందా? ముసలాయనకి మతి పోయింది, మీరంతా కూడబలుక్కొని నోరు మూసుకున్నారు."

అగాయ్ తన చేతుల వైపు చూసుకుంటున్నారు. "నేను మైనస్ పెట్టాను" అన్నారు, తనలో తాను.

"వింటున్నారుగా" అన్నాడు ద్యుసెన్‌బిన్.

కలం కింద పెట్టిన చప్పుడు వినిపించింది. బాతిమా అపాయ్ లేచింది.

"ఆయన మైనసే పెట్టారు. నేను ప్లస్ చేశాను."

"నువ్వా? టైపిస్టువి నువ్వు" అన్నాడు ద్యుసెన్‌బిన్.

"టైపిస్టునే. ఆయన చేతిరాత కాగితాలు నా బీరువాలో ఉన్నాయి. చూసుకోండి."

"ఎందుకు మార్చావ్?"

"తప్పు అనుకున్నాను."

"ఒక టైపిస్టు, ప్రొఫెసరు రాసింది తప్పు అనుకుందా! ఇంకెక్కడైనా అలా అనుకున్నావా?"

ఆమె అగాయ్ వైపు చూసింది. ఆ ఒక్కటే చెప్పి ఊరుకోవచ్చని, ఊరుకుంటే ఆయన నిలబడతారని ఆ క్షణంలో నాకు తట్టింది. నేను తల అడ్డంగా ఊపాను కూడా. ఆమె నన్ను చూడలేదు.

"అరవై మూడు చోట్ల" అంది. "మూడేళ్లలో."

అన్నిసార్లు దిద్దాల్సి వచ్చిందంటే అగాయ్ మూడేళ్లుగా తప్పులు రాస్తూనే ఉన్నారని మొదట ద్యుసెన్‌బిన్‌కి అర్థమైంది. మళ్లీ కూర్చున్నాడు. అతను ఇంక ఏమీ అనవలసిన పని లేకపోయింది.

ఆ తర్వాత వారం రోజులు నేనూ ఖ్వానూ ఆమె మూట విప్పి, చేతిరాతనీ అచ్చునీ పక్కపక్కన పెట్టి చూశాం. అరవై రెండు చోట్ల ఆమే సరి. ఆయనే తప్పు. కొన్ని తప్పులు పదో తరగతి పిల్లలు కూడా చేయరు. ఆమె సరిచేయకపోతే మా బృందం పేరు ఎప్పుడో పోయేది. ఒక్క చోట, ఆ నలభై ఒకటో పేజీలో, ఆయన మనసు చివరిసారి తేటగా ఉండి ఇరవై ఏళ్ల తన అభిప్రాయాన్నే కాదనుకుంది. సరిగ్గా అక్కడే ఆమె దిద్దడం తప్పయింది.

కరగందా నుంచి కూతురు గౌహర్ వచ్చి తండ్రిని ఆసుపత్రిలో చేర్పించింది. మెదడులో నీరు చేరిందన్నారు డాక్టర్లు. మొదట్లో, కాళ్లు ఈడ్చడం మొదలైనప్పుడే తీసుకొచ్చి ఉంటే చిన్న గొట్టం వేసి ఆ నీరు తీసేవాళ్లమన్నారు. అలా చాలామంది బాగుపడ్డారట. ఇప్పుడు ఆలస్యమైపోయిందట.

బాతిమా అపాయ్ బౌర్సాక్‌లు అనే నూనెలో వేయించిన పిండి ఉండలు చేసుకొని ఆసుపత్రికి వెళ్లింది. నేనూ వెంట ఉన్నాను. గౌహర్ వరండాలోనే ఆపింది.

"మీరు లోపలికి రావద్దు."

"ఒక్కసారి చూసి పోతానమ్మా. ఆయన నాకు..."

"మూడేళ్లు ఆయన బూట్ల తాళ్లు కట్టారట. ఆయనకి తాళ్లు కట్టుకోవడం రావట్లేదని నాకు ఒక్క ముక్క రాయాలని తోచలేదా? నేను డాక్టర్ని. ఆయన కూతుర్ని. ఆయన పేరున నాకు ఉత్తరాలు కూడా మీరే టైపు చేసి పంపారు కదా, 'ఆరోగ్యం బాగుంది' అని!"

బాతిమా అపాయ్ గిన్నె బెంచీ మీద పెట్టి వెనక్కి తిరిగింది. మెట్ల మీద ఆమె చెయ్యి పట్టుకోబోతే, "వద్దు తల్లీ, నాకు కాళ్లు బాగానే ఉన్నాయి" అంది.

ఆమె ఉద్యోగం జనవరిలో పోయింది. అగాయ్‌ని విశ్రాంతికి పంపారు. మార్చిలో మా రెండు గదులూ పరికరాల విభాగానికి పోయాయి. ఖ్వాన్ తాష్కెంట్ వెళ్లిపోయాడు. నేను థీసిస్ మొత్తం మళ్లీ రాశాను, వరస ఎందుకు నిలవదన్న దాని మీద. అది మంచి థీసిస్ అన్నారు. కృతజ్ఞతల్లో బాతిమా పేరు పెడితే, అచ్చుకి ముందు ఎవరో కొట్టేశారు. ఇదిరిస్ అగాయ్ 1984 వసంతంలో పోయారు. ఖననంనాడు ఆమె మగవాళ్లకీ ఆడవాళ్లకీ దూరంగా, గేటు బయట నిలబడి ఉంది. గౌహర్ చూసింది, పిలవలేదు.

తర్వాత ఆమె జంబూల్ వెళ్లి ఒక బడిలో టైపిస్టుగా చేరిందని తెలిసింది. 1991లో ఆ ఊరికి పని మీద వెళ్లినప్పుడు వెతుక్కుంటూ పోయాను. చిన్న గది. పాలు పోసిన టీ ఇచ్చింది. అరవై ఏళ్లకి చాలా చిక్కిపోయింది. పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా ఆమే మాట్లాడింది. ఇక్కడ నేను రాసినదాంట్లో సగం ఆ రోజు విన్నదే.

వెళ్లబోతూ, పదేళ్లుగా ఎవరికీ చెప్పనిది చెప్పాను. 1981లోనే నా మూడో అధ్యాయంలో లెక్క ఒకచోట కుదరలేదు. ఉండకూడని చోట సంఖ్య సున్నా కంటే కిందికి పోయింది. అగాయ్‌ది తప్పు కాదు, నాదే తప్పనుకొని, ఆ పట్టికలోంచి ఆ లైను తీసేసి మిగతాది ఇచ్చాను. అప్పుడే అడిగి ఉంటే ఆ మైనస్ ఏడాదిన్నర ముందే బయటపడేది. ఆసుపత్రికి కూడా ఏడాదిన్నర ముందే వెళ్లేవారేమో.

బాతిమా అపాయ్ పింగాణీ టీ గిన్నె కింద పెట్టింది.

"తెలుసు. నీ పట్టిక టైపు చేసింది నేనే కదా. లైన్ల అంకెల్లో పదకొండు తర్వాత పదమూడు ఉంది."

"మరి అడగలేదేం?"

"నువ్వు నన్ను అడిగావా?"

కోపంగా అనలేదు. నా మెడకి మఫ్లరు చుట్టి, బస్‌స్టాండుకి దారి చెప్పి, మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడింది. మరో రెండేళ్లు బతికింది. ఆ రెండేళ్లలో నేను నాలుగు ఉత్తరాలు రాశాను, ఒక్కదానికే జవాబు వచ్చింది. ఆరోగ్యం బాగుందని రాసింది. వెంటనే బస్సెక్కి వెళ్లాల్సింది. వెళ్లలేదు.